ఇప్పటికి మట్టగిడసే

ఎనిమిదో తరగతి మీద నాకు ఎంత ఇష్టమంటే, ఒకసారి చదివింది చాలక రెండోసారి కూడా చదివాను. ఈలోగా మా తమ్ముడు కింది తరగతి నుంచి పాసై వచ్చి నా పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. లెక్కల సారు నన్నడిగిన ప్రశ్నకు వాడు లేచి జవాబు చెప్పి, కూర్చుంటూ నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపులో వెక్కిరింత ఉంటే భరించేవాణ్ణే. జాలి ఉంది. ఆ సాయంత్రమే చదువుకు దండం పెట్టేశాను. నన్ను బతిమాలి వెనక్కి తీసుకుపోవడానికి బడి నుంచి ఎవరైనా వస్తారేమోనని కొన్నాళ్ళు ఎదురుచూశాను కూడా. ఎవరూ రాలేదు. హెడ్మాస్టరు రోడ్డు మీద ఎదురైనప్పుడు మాత్రం ఎంతో ఆప్యాయంగా నవ్వాడు, నెత్తి మీది మూట దించుకున్న మనిషి నవ్వినట్టు.

అలాంటివాణ్ణి ఇవాళ మెట్టుగూడలో అక్వేరియం దుకాణం పెట్టుకుని, గాజు తొట్ల మీద లాటిన్ పేర్లు రాసి అంటిస్తుంటాను. అక్షరాలు తప్పుపోతే చేపలు పట్టించుకోవు, కొనేవాళ్ళకు తెలియదు. తెలిసిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన పోయిన వానాకాలంలో కన్నుమూశారు.

మొన్న ఒక అమ్మాయి, మెడలో ఆఫీసు కార్డు అలాగే వేలాడుతుండగా, దుకాణానికి వచ్చి ఫోనులో ఫోటో చూపించింది.

“అన్నా, ఇదేం చేప? నాకు గిట్లాంటిదే కావాలి.”

నేను ఫోటో సరిగా చూడనైనా లేదు, నోట్లోంచి మాట వచ్చేసింది. “ఎక్కడిది?”

“ఎక్కడిదేంది అన్నా? ఫోన్లది.”

“అయితే కూర కిందే లెక్క.”

ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, ఎదురుగా ఉన్న ఇంకో దుకాణానికి వెళ్ళిపోయింది. బేరం పోయిందని తిట్టుకుంటూ నీళ్ళ పైపు చేతిలోకి తీసుకున్నాక తట్టింది, ఆ రెండు మాటలూ నావి కావని. రెండూ సార్‌వి. ఏ ఊరి నీళ్ళదో తెలియని చేప శాస్త్రానికి పనికిరాదు, కూరకే అనేవారు.

ఆయన పేరు రాయను. వాళ్ళావిడ పేరైతే అసలే రాయను. ఆమె పేరు రాస్తే ఆయన పేరు దొరికిపోతుంది. అదెలాగో కాసేపట్లో మీకే తెలుస్తుంది. మా దుకాణంలో ఆయన ‘సార్’, ఆయనకు నేను ‘ఏమోయ్’. అంతకుమించి పేర్ల అవసరం మా మధ్య రాలేదు. ప్రపంచంలోని చేపలన్నిటికీ సరైన పేరు ఉండాలని పట్టుబట్టిన మనిషి, నా పేరు అడగడానికి కొన్నేళ్ళు తీసుకున్నారు. అడిగింది కూడా అచ్చులో వేయడానికే.

గోదావరి పక్క నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన మనిషి. చేపలను వర్గాలుగా విడదీసే సర్కారు కొలువు. రిటైరయ్యాక ఇల్లు నేరేడ్‌మెట్‌లో. అక్కడి నుంచి బస్సెక్కి నా దుకాణానికి వచ్చేవారు. చంకలో గొడుగు, భుజాన గుడ్డసంచీ, అందులో ఒక భూతద్దం, ఒక స్టీలు స్కేలు, ఒక వేయించిన పల్లీల పొట్లం. మొదటి రెండూ చేపలకు, మూడోది నాకు. చేప మాత్రం ఏనాడూ కొనలేదు.

ఆయన చేపను చూసే పద్ధతి వేరు. ముందు పైనుంచి చూసేవారు. తర్వాత పక్కనుంచి. ఆ తర్వాత ఫుట్‌పాత్ మీద గొంతుక్కూర్చుని, అడుగు నుంచి దాని కడుపు చూసేవారు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన నోరు కూడా చేపతో పాటే మెల్లగా తెరుచుకుని మూసుకోవడం మొదలయ్యేది. దారినపోయే వాళ్ళు ఆగి ఆయన్ని చూసేవాళ్ళు. నా దుకాణంలో టికెట్టు లేకుండా నడిచిన వేడుక అదొక్కటే.

“సార్, మీ ఇద్దర్ల ఎవరు ఎవర్ని చూస్తున్నరో తెలుస్తలేదు,” అన్నాను ఒకసారి.

“అదీ నన్ను వర్గీకరిస్తూనే ఉంటుందోయ్,” అన్నారు కన్ను తిప్పకుండానే. “‘ఇప్పటికి పనికిరానిది’ అని రాసుకుని ఉంటుంది.”

ఇప్పటికి. ఆ మాట ఆయన నోట్లో పల్లీగింజలా ఎప్పుడూ ఆడుతుండేది. ఏ చేపను చూపించినా ‘ఇది ఫలానా’ అనేవారు కాదు, ‘ఇప్పటికి ఫలానా’ అనేవారు. హోటల్లో కూర్చుని “ఏం తాగుతరు సార్?” అంటే “ఇప్పటికి చాయ్” అనేవారు. బస్సు నంబరు చెప్పినా అంతే. ఒకనాడు నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అమ్మగారు మంచినీళ్ళు ఇస్తూ, “ఈయన నన్ను ఎవరికైనా ‘ఇప్పటికి మా ఆవిడ’ అని పరిచయం చేస్తారేమోనని పెళ్ళయిన నాటి నుంచీ నాకు హడలే నాయనా,” అన్నారు. సార్ భూతద్దం తుడుచుకున్నారు.

ఆ మాట ఎందుకు పట్టుకున్నారో ఒక మధ్యాహ్నం నాకు విడమరిచి చెప్పారు. ఆ రోజు నా తొట్టిలో కొర్రమీను పిల్లలున్నాయి.

“ఈ కొర్రమీను, మీ చేపల బజార్లో అమ్మే మట్టగిడస, గోదావరిలో దొరికే పూమీను, ఇవన్నీ ఒకే ఇంటివాళ్ళోయ్. ఇంటిపేరు చన్నా.”

“చన్నా అంటే శనగలు గద సార్.”

“ఆకలేస్తే పల్లీలున్నాయి, తిను. విను. ఈ ఇంట్లో అందరికీ తల పాముతలలా ఉంటుంది. అందరూ నీళ్ళపైకి వచ్చి గాలి మింగాల్సిందే. పైకి రానివ్వకపోతే నీళ్ళలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోతాయి. పెద్దవాళ్ళతో పేచీ లేదు. కొర్రమీనుకు ఒంటి మీద చారలు, పూమీనుకు తోక దగ్గర కన్నులాంటి మచ్చ, మట్టగిడసకు నల్ల చుక్కలు. గుడ్డివాడు కూడా తడిమి చెప్పేస్తాడు. చిక్కంతా పొట్టివాళ్ళతోనే.”

పొట్టివాళ్ళంటే జానెడు మించని చేపలు. కొండవాగుల్లో, రాళ్ళ సందుల్లో ఉంటాయట. సింధునది అవతల నుంచి జావా దీవుల దాకా ఎక్కడ దొరికినా, వాటన్నిటినీ తెల్లదొరల కాలం నుంచీ దాదాపు ఒకే పేరుతో పిలిచేశారట.

“గోనెసంచీలో పోసి మూతి కట్టినట్టు కట్టేశారోయ్. ఇప్పుడు విప్పుతున్నాం. విప్పేకొద్దీ ఒక్కో వాగు నుంచి ఒక్కో కొత్త చేప బయటికొస్తోంది. ఒకదానికి రెక్క మీద నీలం పట్టీలు, ఒకదానికి కాషాయం మచ్చలు. కొన్నిటికి కడుపు కింద రెక్కలే లేవు. కొన్నిటిలోనైతే తండ్రి గుడ్లన్నీ నోట్లో పెట్టుకుని, పిల్లలయ్యేదాకా తిండి మానేసి, నోరు మూసుకుని కూర్చుంటాడు.”

“నోరు మూసుకునా? సార్, గా చేప నా దుకాణంల వద్దు. మా ఇంట్లామె చూసిందంటే నాకు తక్లీఫ్ అయితది.”

ఆయన నవ్వలేదు. నా జోకులకు ఆయన ఎప్పుడూ ఆలస్యంగానే నవ్వేవారు, ఒక్కోసారి మర్నాడు. “అందుకే ‘ఇప్పటికి’ అంటాను,” అన్నారు. “సంచీ ఇంకా పూర్తిగా విప్పలేదు.”

ఆ సంచీలోంచి ఒక చేపను బయటికి తీసినవాళ్ళలో ఆయన కూడా ఒకరని నాకు చాలాకాలం తెలియదు. చెప్పింది అమ్మగారు.

పెళ్ళయిన కొత్తలో వాళ్ళు తిరుమలగిరిలో అద్దెకుండేవారట. మిలిటరీ క్వార్టర్ల వెనక ఒక కుంట. సాయంత్రం ఇద్దరూ షికారుకు వెళ్ళినప్పుడు, తామరాకుల మధ్య ఒక పొట్టి చేప పైకొచ్చి గాలి మింగి పోవడం సార్ చూశారు. అంతే, కొత్త పెళ్ళికూతుర్ని గట్టు మీద నిలబెట్టి, ఇంటికి పరిగెత్తి దోమతెర ఊడదీసుకొచ్చి, ప్యాంటు మడిచి కుంటలో దిగారు. దొరికిన కొద్ది చేపలనే రోజుల తరబడి పొలుసులు లెక్కపెట్టి, బొమ్మ గీసి, ఇది ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని చేప అని రాసి అచ్చేయించారు. దానికి భార్య పేరు పెట్టారు. ఉద్యోగకాలమంతటిలో ఆయన పేరు పెట్టిన చేప అదొక్కటే.

“అందరి మొగుళ్ళూ చీర తెచ్చి కట్టుకోమంటారు,” అన్నారు అమ్మగారు. “ఈయన పాముతల చేపను తెచ్చి, ‘ఇదిగో, ఇది నువ్వే’ అన్నారు. ఆ నెలంతా దోమలు కుట్టాయి.”

కానీ ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చూసినవాడికి, పట్టుచీర ఇచ్చినా అంత వెలుగు రాదని తెలిసిపోతుంది.

తర్వాత ఆ కుంట పూడ్చేశారు. దాని మీద అపార్ట్‌మెంట్లు లేచాయి. అమ్మగారి పేరున్న చేప మరెక్కడా, ఏ వాగులోనూ, ఎవరికీ దొరకలేదు. చేపల మీద రాసే పుస్తకాల్లో దాని పేరు పక్కన ‘మళ్ళీ కనబడలేదు’ అని రాయడం మొదలుపెట్టారు. ఆ మాట సార్‌కు ముల్లులా గుచ్చుకునేది. కుంట నీళ్ళు మళ్ళీ పైకొస్తే చేప కూడా వస్తుందేమోనని ప్రతి వానాకాలం ఆయనకు ఒకటే పరేషాన్.

ఒక మధ్యాహ్నం వాన కుండపోతగా పడుతోంది. ఫోన్ చేశారు. “ఏమోయ్, వల ఉందా? పెద్దది.”

దుకాణం షట్టర్ దించి, స్కూటర్ మీద నేరేడ్‌మెట్ వెళ్ళి ఆయన్ని ఎక్కించుకున్నాను. వెనక కూర్చుని గొడుగు విప్పారు. గాలికి అది పువ్వులా తిరగబడింది. అయినా దించలేదు. ఇద్దరం తడిసి ముద్దయి తిరుమలగిరిలో ఆ అపార్ట్‌మెంటు ముందు దిగాం. సెల్లారులో మోకాలి లోతు నీళ్ళు, ఒక పక్క ఎవరో పంపుతో తోడుతున్నారు. కార్లు సగం దాకా మునిగి ఉన్నాయి. సార్ ప్యాంటు మడుస్తున్నారు.

వాచ్‌మన్ అడ్డమొచ్చాడు. “ఎవరు సార్ మీరు?”

సార్ నోరు తెరిచి నిజం చెప్పేస్తారని భయమేసి, నేనే అందుకున్నాను. “మున్సిపాలిటీ.”

ఆ ఒక్క మాటతో వాచ్‌మన్ పక్కకు తప్పుకున్నాడు గానీ, పైనుంచి అపార్ట్‌మెంట్ సెక్రటరీ గొడుగు కూడా లేకుండా దిగొచ్చాడు. ఆయన వెనక ఇంకో నలుగురు.

“ఎన్ని కంప్లైంట్లు ఇచ్చినం మీకు? ఇప్పుడా వచ్చేది? వలలు పట్టుకొని వచ్చిన్రేంది, నీళ్ళు వలతోని తోడుతరా?”

సార్ ఎంతో మర్యాదగా అడిగారు. “ఈ నీళ్ళు ఎక్కడివండీ?”

“గదే మేం మిమ్మల్ని అడుగుతున్నం! ఎక్కడికెల్లి వస్తున్నయో చెప్పుండ్రి!”

“ఎక్కడి నుంచీ రావడం లేదండీ. ఇవి ఇక్కడివే. ఇది కుంట. మీరే ఎక్కడి నుంచో వచ్చారు.”

అంతలో ఒక ఎర్రకారు కింద నీళ్ళు గుళుక్కుమన్నాయి. సార్ చెయ్యి ఎత్తి అందర్నీ ఆపారు. ఆ చెయ్యిని చూసి పంపు నడిపేవాడు పంపు కూడా ఆపేశాడు. ఆయన వంగి, కారు కిందికి వల తోసి, మెల్లగా లాగారు. వలలో నల్లగా ఏదో కొట్టుకుంటోంది. పాముతల. సార్ దాన్ని వెలుతురులోకి తెచ్చి పక్కకు తిప్పారు.

ఒంటి నిండా నల్ల చుక్కలు.

“ఇప్పటికి మట్టగిడసే,” అన్నారు. ఆ ‘ఇప్పటికి’ చాలా చిన్నగా వినబడింది. చేపను కాసేపు అలాగే పట్టుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేశారు.

“పట్టినదాన్ని మళ్ళ మా సెల్లారులనే ఇడుస్తున్నరా?” అని సెక్రటరీ అరుస్తుండగా నేను సార్‌ను స్కూటర్ ఎక్కించాను. ఇంటి ముందు దిగుతూ, “సెక్రటరీ గారిదీ నిజమే. నీళ్ళు తోడించాలి పాపం,” అన్నారు.

ఇదంతా అయ్యాక, మరో ఏడాది శీతాకాలంలో, హౌరా నుంచి వచ్చే బండిలో నాకు థర్మాకోల్ పెట్టెలు వచ్చాయి. పార్శిల్ ఆఫీసులో విడిపించుకుని దుకాణానికి తెచ్చి, కవర్లు విప్పి తొట్లలో వదిలాను. అందులో ఒక కవరులో పొట్టి పాముతల చేపలు. మెడ కింద నీలం, రెక్కల మీద కాషాయం. ఇప్పుడు కుర్రకారు ఇలాంటివాటి కోసం ఎగబడుతున్నారు. మంచి బేరం వచ్చిందని సంబరపడ్డాను.

సార్ వచ్చారు. పైనుంచి చూశారు. పక్కనుంచి చూశారు. అడుగు నుంచి చూడటానికి కూర్చున్నవారు ఎంతకీ లేవలేదు. నోరు ఈసారి చేపతో పాటు ఆడటం లేదు.

“ఎక్కడిది?” అన్నారు. ఎప్పుడూ అడిగే ప్రశ్నే. కానీ ఈసారి జవాబు వద్దనుకుంటున్నట్టు అడిగారు.

“కలకత్తా పార్టీ పంపిండు సార్. ఆడికి అస్సాం దిక్కు వాగులకెల్లి వస్తయట.”

ఆయన పక్కనున్న బకెట్టును బోర్లించి దాని మీద కూర్చున్నారు. చాయ్ తెప్పిస్తే తాగలేదు. ‘ఇప్పటికి వద్దు’ అని కూడా అనలేదు.

ఆ తర్వాత రోజూ వచ్చారు. తన పాత బొమ్మ తెచ్చి తొట్టికి ఆనించి పెట్టేవారు. నా చేత సన్నని గాజుపెట్టెలో చేపను నిలబెట్టించి ఫోటోలు తీయించేవారు. రెక్కల్లోని పుల్లలు, ఒంటి పక్కన సాగే గీత మీద పొలుసులు, దవడ కింద పొలుసులు లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేవారు. తప్పు లెక్క వస్తే బావుండునని ఆశపడుతూ లెక్కపెట్టే మనిషిని నేను చూడటం అదే మొదలు. ప్రతిసారీ ఒకటే వచ్చింది. చివరికి స్కేలు సంచీలో పడేశారు.

“ఇదే అదోయ్. దీనికి తెల్లదొరల కాలంలోనే పేరు పెట్టేశారు. నేను పెట్టింది రెండో పేరు. రెండో పేరు చెల్లదు.”

“మరి మీకు గప్పుడు తెల్వలేదా సార్?”

“ఊరు చూసి పోల్చానోయ్, చేపను చూసి కాదు. తిరుమలగిరిలో దొరికింది కదా అని దక్కను వాగుల్లోని చేపలతోనే పక్కపక్కన పెట్టి చూశాను. దేనితోనూ కలవలేదు. కొత్తదన్నాను. అస్సాం చేపలు మా ఆఫీసు సీసాల్లో ఉండేవి. మందులో నాని రంగు పోయి, అన్నీ ఒకే గోధుమరంగు. అంత దూరపు చేప ఇక్కడెందుకుంటుందని సీసా మూత కూడా తియ్యలేదు.”

ఊరు తెలియని చేప కూర కిందే లెక్క అని పదిమందికీ చెప్పే మనిషి, ఊరి మాట మరీ నమ్మి బోల్తాపడ్డారన్నమాట.

“మరి గా చేప అస్సాంకెల్లి తిరుమలగిరికి ఎట్లొచ్చింది సార్, రైలెక్కి వచ్చిందా?”

ఆయన నా వైపు చూశారు. “రైలెక్కే వచ్చి ఉంటుందోయ్. కంటోన్మెంటు కదా. ఊరి మీద బెంగతో ఏ అస్సాం సిపాయో డబ్బాలో తెచ్చుకుని పెంచుకుని ఉంటాడు. వీటికి పైగాలి అందితే చాలు, ప్రయాణం తట్టుకుంటాయి. బదిలీ అయి పోతూ కుంటలో వదిలేసి ఉంటాడు.”

“అంటే మీ లెక్కనే. యాడికెల్లో వచ్చి ఈడ సెటిలైంది.”

“నాకు బదిలీ కాలేదంతే,” అన్నారు.

నాకు బడి చదువు లేకపోవచ్చు, కానీ ఆయన మొహం చదవడానికి ఏ తరగతీ పాసవ్వక్కర్లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించి అన్నాను.

“సార్, ఒక మాట చెప్త. ఈ ముచ్చట ఎవరికి తెల్సు? మీకు, నాకు, ఈ చేపకు. నేను చెప్ప. చేప చెప్పదు. రేపు పొద్దుగాల ఎవరో ఒకరికి అమ్మేస్త, ఖతం. అమ్మగారి పేరు సార్ అది.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఎంతసేపు తుడిచారంటే, కాదంటారనే నమ్మకం నాకు పోయింది. ‘సరే’ అంటారనుకున్నాను. నిజానికి అనాలనే కోరుకున్నాను.

“ఇన్నాళ్ళూ ఆ అపార్ట్‌మెంటు ముందుకెళ్ళి శ్మశానానికి వెళ్ళినట్టు నిలబడ్డానోయ్,” అన్నారు. “నేను పెట్టిన పేరు నిలవాలంటే ఆ చేప ఆ సెల్లారు కింద చచ్చిపోయి ఉండాలి. ఇది ఇదిగో నా కళ్ళముందు ఈదుతోంది. వాళ్ళ వాగుల్లో బోలెడున్నాయంటున్నావు. బతికున్నదాన్ని పోయిందని ఎలా రాయించను చెప్పు?”



“ఒకటి కవరులో వెయ్యి,” అన్నారు లేస్తూ. “గాలి వదిలి కట్టు. ఆవిడకి చూపించాలి.”

నేనే స్కూటర్ మీద తీసుకెళ్ళాను. అమ్మగారు కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. సార్ ఆమె ముందు నిలబడి, కవరు వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. ఎనిమిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు చూపిస్తున్నప్పుడు మా నాన్న ముందు నేను నిలబడ్డట్టే ఉంది ఆ నిలబడటం.

అమ్మగారు కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు. ఆ రంగుల చేప బతికి ఈదుతుండగా ఆమె చూడటం కుంట గట్టు మీది సాయంత్రం తర్వాత అదే మొదటిసారి.

“ఇదేనా నేను?” అన్నారు.

“కాదు,” అన్నారు సార్. “అదే చెబుదామని తెచ్చాను. ఇది నువ్వనుకున్నాను. నువ్వు కాదు.”

ఆ తర్వాత జరిగిందీ, జరగనిదీ, మొత్తం వివరంగా చెప్పారు. సీసా మూత తియ్యకపోవడంతో సహా. ఆమె అంతా విన్నాక లేచి, “కవర్లో దానికి ఊపిరాడుతోందా?” అని నన్నడిగి వంటింట్లోకి వెళ్ళిపోయారు. లోపల గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువగానే వినబడింది. కాఫీ రాలేదు. ఆ ఇంట్లో నాకు కాఫీ ఇవ్వకుండా పంపిన రోజు అదొక్కటే.

సార్ ఆ వ్యాసం రాయడానికి చాలాకాలం తీసుకున్నారు. రాసింది చూస్తే రెండు పేజీలు లేదు. అచ్చయ్యాక దుకాణానికి తెచ్చి, చివర్లో నా పేరు చూపించారు, మెట్టుగూడలో ఫలానా దుకాణదారుకు కృతజ్ఞతలని. హాజరు పట్టీ తర్వాత నా పేరు ఇంకెక్కడా ఎక్కలేదు, ఆ పట్టీలోనూ కొట్టేశారు. అందుకే ఆ పేజీని తొట్టి మీద అంటిస్తానన్నాను. తడుస్తుంది వద్దన్నారు.

“మిగతాది నాకు సమజ్ కాదు సార్. ఏం రాసిన్రో జెర తెలుగుల చెప్పుండ్రి.”

చెప్పారు. ఫలానా పేరుతో తాను వేరే చేపగా వర్ణించినది నిజానికి పాత చేపేనని, పోల్చవలసినవాటితో పోల్చలేదని, ఆ పొరపాటు పూర్తిగా తనదేనని.

“అంటే అమ్మగారి పేరు కొట్టేసిన్రు.”

“మా శాస్త్రంలో పేరు కొట్టెయ్యరోయ్. చెల్లే పేరు పైన ఉంటుంది. చెల్లనిది దాని కింద ఎప్పటికీ ఉంటుంది, పెట్టినవాడి పేరుతో సహా. చన్నా అనే ఇంటిపేరు పక్కన ఆ పేరు ఇంకో చేపకి ఎవరూ పెట్టకూడదు.”

“ఆ మాట ఇంట్ల చెప్పిన్రా?”

“చెప్పాను.”

“ఏమన్నరు?”

“చిక్కుడుకాయలు తెమ్మన్నది.”

అదీ ఆయన. ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నారు, పైనుంచి, పక్కనుంచి, అడుగు నుంచి చూస్తూనే ఉన్నారు. వాన పడితే మాత్రం ఫోన్ వచ్చేది కాదు. పోయిన వానాకాలంలో ఒకరోజు వచ్చింది. చేసింది అమ్మగారి తరఫున పక్కింటివాళ్ళు.

కార్యక్రమాలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక నేరేడ్‌మెట్ వెళ్ళాను. అమ్మగారు హాల్లో ఒక్కరే ఉన్నారు. నాలాంటివాడికి దుఃఖం వచ్చినా నోట్లోంచి ముందు వెటకారమే వస్తుంది. కాఫీ గ్లాసు పట్టుకుని అన్నాను.

“ఏందమ్మా, సార్ మీద మీకు కోపం లేదా? దునియాల ఎవరికీ లేనట్టు మీ పేరు మీద ఒక చేప ఉంటుండె. దాన్ని సుత తీస్కపోయి అస్సామోళ్ళకు రాసిచ్చిన్రు.”

ఆమె నా వైపు తిరిగి, కొంచెం నవ్వారు.

“నీకు పెళ్ళయిందిగా?”

“అయింది అమ్మా. చానా ఏండ్లాయె.”

“ఒక్కసారైనా తప్పు నాదేనని మీ ఆవిడతో అన్నావా?”

ఎంత వెతికినా గుర్తు రాలేదు. కాఫీ తాగాను.

“మా ఆయనా ఇంట్లో అన్న పాపాన పోలేదు. పాలు పొంగిపోతే పాలదే తప్పనే మనిషి. కానీ, నా పేరు రాసి, దాని పక్కనే ‘పొరపాటు పూర్తిగా నాదే’ అని రాసి, దేశదేశాలవాళ్ళు చదివేలా అచ్చేయించి మరీ పోయారు. ఏ పెళ్ళానికి దొరుకుతుందయ్యా అది? నువ్వు ముందు ఇంటికెళ్ళి మీ ఆవిడకి నోటిమాటగానైనా చెప్పిరా. తర్వాత నా చేప సంగతి మాట్లాడుదువుగాని.”